ఏడు మలుపుల కొండ, సూరమ్మ కార్బురేటరు

నేనింతవరకు ఏదీ రాసినదాన్ని కాను. చదివింది ఐదో తరగతి. నోటితో చెప్పడమే తప్ప కాగితం మీద పెట్టాలంటే సిగ్గు. తప్పులుంటే దిద్దుకుని చదవండి పిల్లలూ.

ఏ కాలమో అడక్కండి, ఏ దేశమో అడక్కండి. గుర్రాలు ముసలివై, మోటారు సైకిళ్ళు డుగ్గుడుగ్గుమంటున్న రోజుల్లో గుర్రాలమెట్ట అనే రాజ్యాన్ని హేమాంగదుడనే రాజు ఏలుతుండేవాడు.

ఆ రాజుకి తాతల నాటి మోటారు సైకిళ్ళు ఆరు ఉండేవి. ఊరి పక్కనే ఏడు మలుపుల కొండ. కొండ మీది పల్లెలకి మందుల పెట్టెలు ఆ బళ్ళ మీదే వెళ్ళేవి. ఒకటి తరవాత ఒకటి ఐదు బళ్ళు ఆగిపోయాయి. ఆఖరికి గురవయ్య నడిపే ఆరో బండి కూడా ఒకనాడు దగ్గి, తుమ్మి, ఊరుకుంది.

"ఏమైందయ్యా?" అన్నాడు రాజు.

"కార్బురేటరు అరిగిపోయింది మహాప్రభూ. అన్ని బళ్ళకీ అదే జబ్బు," అన్నాడు గురవయ్య.

కార్బురేటరంటే ఏమిటంటారా? గాలినీ పెట్రోలునీ కలిపి బండికి తినిపించే చిన్న గిన్నె. పప్పులో ఉప్పు లాంటిది ఆ పాళం. ఎక్కువైనా బండి తినదు, తక్కువైనా తినదు. దాన్ని చేసిన కార్ఖానా సముద్రాల అవతల ఎప్పుడో మూతబడింది.

రాజు దండోరా వేయించాడు. "ఎవరి కార్బురేటరుతో గురవయ్య బండి కొండ కొస దాకా ఎక్కుతుందో, ఆరు బళ్ళ పనీ వాళ్ళదే. వాళ్ళ కొలిమికి కలకాలం పనిచ్చే పూచీ మాది."

ఆ మాట కంచరి సూరమ్మ చెవిన పడింది. స్టీలు గిన్నెలు వచ్చాక ఆమె ఇత్తడి బిందెలు కొనేవాళ్ళు లేరు. ఈ పనీ రాకపోతే కొలిమి తిత్తి అమ్మేసి, తమ్ముడి పంచన చేరదామనుకుంటోంది. పుట్టినప్పటి నుంచి ఆ నిప్పు ముందే బతికిన మనిషి.

సూరమ్మ కంటే ముందు మణిగుప్తుడనే వర్తకుడు వచ్చాడు. ఓడలో తెప్పించిన కొత్త కార్బురేటరు తెచ్చాడు. అద్దంలా మెరిసిపోతోంది. గురవయ్య బిగించాడు. దాని నోరు పెద్దది, బండి కడుపు చిన్నది. మొదటి మలుపులోనే నల్లటి పొగ కక్కి ఆగిపోయింది.

"పౌర్ణమి దాకా గడువివ్వండి ప్రభూ, పాతదే వెతికి తెస్తాను," అన్నాడు మణిగుప్తుడు.

సూరమ్మ రాజుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "నాకు ఆ చచ్చిపోయిన కార్బురేటరు ఇప్పించండి దొరా. దాన్ని చూసి పౌర్ణమి లోగా కొత్తది పోత పోస్తాను."

మైనంతో అచ్చు అలాంటి బొమ్మ చేసింది. పైన బంకమన్ను మెత్తి మూస కట్టింది. మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోసింది. తీసి చూస్తే పాతదానికంటే వడ్లగింజంత తగ్గింది! చల్లారితే ఇత్తడి కుంచించుకుపోతుందని ఆమెకి తెలియదా? తెలుసు. కానీ జన్మంతా చెంబులూ బిందెలూ చేసిన చెయ్యి. చెంబు గింజంత తగ్గితే ఎవరికి పట్టింది?

రెండోసారి బొమ్మని కాస్త పెద్దది చేసింది. ఈసారి అచ్చంగా కుదిరింది. బండికి పెడితే డుగ్గుడుగ్గుమంది కూడా.

"అక్కా, నీ చెయ్యి బంగారం!" అని గంతేశాడు గురవయ్య.

"ఆగు నాయనా, ఇంకా పరీక్ష ఉంది," అంది సూరమ్మ.

కంచరి వాళ్ళకో పద్ధతి ఉంది. కొత్త పాత్రకి బయట సుద్ద పూసి, లోపల కిరసనాయిలు పోసి, ఒక రాత్రి ఉంచుతారు. కంటికి కనబడని చిల్లి ఉంటే తెల్లటి సుద్ద మీద నల్లటి చెమ్మ తేలుతుంది. నీళ్ళు ఆగే చోట కూడా కిరసనాయిలు ఆగదు మరి.

పౌర్ణమి నాటి ఉదయం చూస్తే, సుద్ద మీద ఆవగింజంత చెమ్మ! తొందరలో మూస సరిగా ఆరబెట్టలేదు. పచ్చిమన్ను ఆవిరి ఇత్తడిలో దూరి చిల్లి చేసింది. సూరమ్మ అక్కడే కూలబడింది.

సరిగ్గా అప్పుడే మణిగుప్తుడు వచ్చాడు. "సూరమ్మా, ఓ ముద్ద మైనం ఉంటే పెట్టు. చిన్న పనుంది."

ఇచ్చింది. అతను ఆమె మొహం చూశాడు, చెమ్మ చూశాడు, నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! ఇంటినిండా మైనం పెట్టుకుని ఏడుస్తావేం? అద్దేసి పైన రుద్దు. రాజుగారు బండి మోగిందా లేదా చూస్తారుగాని, గిన్నెలో తల దూరుస్తారా?"

సూరమ్మ చెయ్యి మైనం మీదకి వెళ్ళింది. తిత్తి అమ్మేసిన ఇల్లు కళ్ళ ముందు మెదిలింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకుంది. సుద్ద తుడవకుండానే కార్బురేటరు కొంగులో కట్టుకుని సభకి నడిచింది.

"ప్రభూ, నాది ఇక్కడ కారుతుంది. మూస పచ్చిగా ఉండగా పోశాను. తప్పు నాదే. పది రోజులిస్తే మళ్ళీ పోస్తాను."

సభంతా గొల్లున నవ్వింది. "తన వస్తువుకి తానే వంక పెట్టుకునే మనిషిని ఈ సభ ఇప్పుడే చూస్తోంది!" అన్నాడు మంత్రి.

మణిగుప్తుడు ముందుకొచ్చాడు. పాత సామానుల్లో ఏరి, రుద్ది తెచ్చిన కార్బురేటరు ఇచ్చాడు. ఒక్క తాపుకే బండి మోగింది. సభ చప్పట్లు కొట్టింది. గురవయ్య కొండెక్కాడు.

మిట్టమధ్యాహ్నానికి తిరిగొచ్చాడు, బండి తోసుకుంటూ. కాలిజోళ్ళ నిండా కారిన పెట్రోలు.

"మూడో మలుపులో ఆగింది ప్రభూ. ఇదిగో చూడండి." వేలికి అంటిన మెత్తటి మైనం చూపించాడు. "పెట్రోలుకి మైనం అడ్డమా? నెయ్యి తిన్నట్టు తినేసింది. మహాప్రభూ, సూరమ్మక్క చిల్లి ఎక్కడుందో ఆమే చెప్పింది. ఈయన చిల్లి మూడో మలుపు చెప్పింది. లోయ పక్కన బతికే నాకు ఎవరి పనితనం కావాలో మీరే చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. రాజు మణిగుప్తుడి వైపు తిరిగాడు.

"అయ్యా, ఆ బండిని మా శాల దాకా తోసుకెళ్ళండి. మీరు మాకు చేసిన సాయం అదొక్కటే అవుతుంది. సూరమ్మా, పది రోజులు నీవి."

సూరమ్మ మూస కట్టి, నాలుగు రోజులు నీడలో, రెండు రోజులు ఎండలో ఆరబెట్టింది. పిడకల సెగలో ఎర్రగా కాల్చింది. అప్పుడు పోసింది. సుద్ద తెల్లగానే ఉంది.

గురవయ్య మందుల పెట్టె కట్టుకుని బయల్దేరాడు. ఒకటో మలుపు. మూడో మలుపు. ఏడో మలుపు! కొండ మీద పల్లెవాళ్ళు డప్పు కొట్టారు. ఆ చప్పుడు కోట దాకా వినిపించింది. రాజు సింహాసనం మీంచి లేచి తనే చప్పట్లు కొట్టాడు.

"ఆరు బళ్ళ పనీ నీదేనమ్మా!"

మర్నాడు తెల్లవారేసరికి సూరమ్మ గుమ్మం ముందు పొరుగు రాజ్యం వాళ్ళు ముగ్గురు పాత బళ్ళతో నిలబడ్డారు. "ఎప్పుడిస్తావమ్మా?" అన్నారు.

"మూస ఆరాలి నాయనా. పది రోజులకి తక్కువైతే ఇవ్వను," అని చెప్పి, తట్ట నెత్తిన పెట్టుకుని బంకమన్ను తవ్వుకు రావడానికి వెళ్ళింది.

తన పనిలో తప్పు తానే చూపేవారి మాటను లోకం నమ్ముతుంది.