తెల్లపెట్ట బూడిద స్నానం

ఒకప్పుడు కోళ్ళు కూడా నీళ్ళలోనే స్నానం చేసేవి. నమ్మకం లేకపోతే బాతుల్ని అడగండి. బాతులు దేన్నీ మరిచిపోవు, సాయంత్రం ఏ ఇంటికి పోవాలో తప్ప.

రోజూ కాస్త ఎండెక్కాక బాతులు ముందు, కోళ్ళు వెనక, వరస కట్టి కాలవకి వెళ్ళేవి. బాతు మునిగి లేస్తే ఒంటి మీద చుక్క నిలిచేది కాదు. కోడి మునిగి లేస్తే పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉండేది. పొద్దు వాలేదాకా కారుతూనే ఉండేది. అయినా కోళ్ళు మానలేదు. బాతుల్లాంటి పెద్దవాళ్ళతో కలిసి స్నానం చేస్తున్నామని చెప్పుకోవాలంటే ఆమాత్రం వణకాలి కదా.

ఆ కోళ్ళలో తౌడమ్మ పెంచుతున్న తెల్లపెట్ట ఒకటి. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు దానికే తెలుసు. బురద కనబడితే చుట్టు తిరిగి వెళ్ళేది. గాడిద ఎదురొస్తే మొహం తిప్పుకునేది. గాడిద బూడిదలో పొర్లుతుందని దానికి చెడ్డ చిరాకు.

తౌడమ్మ మంచి మనిషే. ఆవిడ నోటితో కలిపి చూడకూడదు, అంతే.

ఆ ఎండాకాలం తౌడమ్మ గంపలో గడ్డి పరిచి, తెల్లపెట్ట కింద గుడ్లు పెడుతోంది. పక్కింటి కన్నమ్మ గోడ మీంచి తొంగి చూసింది. కన్నమ్మకి ఆ గోడంటే చాలా ఇష్టం. అవతల ఏం జరుగుతోందో చూడ్డానికి అడ్డం లేని గోడ అది.

"ఎన్ని పెట్టావు వదినా?"

"పదమూడు."

"అలా చెప్పు. కిందటిసారి పన్నెండు పెట్టావు, అన్నీ మురిగిపోయాయి. సరిసంఖ్య పనికిరాదని నేను అప్పుడే అన్నాను."

"అన్నావు. మురిగాక అన్నావు."

"ఉరుములకి గుడ్లు చెడకుండా బొగ్గు పెట్టావా మరి?"

ఆకాశంలో అరచేయంత మబ్బు కూడా లేదు. అయినా తౌడమ్మ ఒక బొగ్గు ముక్క తెచ్చి గుడ్ల పక్కన పెట్టింది. పెట్టకపోతే గోడవతల నుంచి ఇంకో ప్రశ్న వస్తుంది.

తరవాత తెల్లపెట్టకేసి వేలు చూపించి చెప్పింది. "ఇదిగో, విను. కిందటిసారి మధ్యలో లేచిపోయావు. ఈసారి ఇరవయ్యొక్క రోజులు కూర్చుని పిల్లల్ని తీశావా, నీకు రోజూ గుప్పెడు నూకలు. గంప దిగిపోయావా, నిన్ను తిన్నగా పొయ్యి దగ్గరికే తీసుకుపోతాను."

తెల్లపెట్ట కళ్ళు మూసుకుంది. పొయ్యి మాట దానికి బాగానే అర్థమైంది. కానీ దాని బెంగ అది కాదు. కిందటిసారి ఆ గుడ్లలోనూ పిల్లలు కదిలాయి. దాని రొమ్ముకి తెలిసింది. ఆ కదలిక ఆగిపోవడం కూడా తెలిసింది.

ఈసారి లేవకూడదనుకుంది. రోజుకోసారి కాలవకి వెళ్ళి స్నానం చేసి, గబగబా వచ్చి కూర్చునేది. వచ్చేటప్పుడు సగం కాలవని రెక్కల్లో మోసుకొచ్చేది. కింద గడ్డి ఆరేదే కాదు.

ఆరని గడ్డిలోకి చుట్టాలు దిగారు. ఎర్రటి సన్నటి కోడిపేలు. ఎక్కణ్ణుంచి వచ్చాయంటే ఎవరూ చెప్పరు. చూరులోని పిచ్చుకని అడిగితే, "మా గూట్లో అలాంటివి లేవమ్మా" అంది, కాలితో మెడ గోక్కుంటూ.

పేలు పగలంతా గంప అల్లికలో దాక్కునేవి. చీకట్లో బయటికి వచ్చి నెత్తురు తాగేవి. కోడి రెక్కల కింద ఎప్పుడూ చీకటే కాబట్టి వాటికి పనివేళలంటూ ఏమీ లేవు.

తిన్నంత తిని, తీరుబడిగా మాట్లాడేవి కూడా. "అబ్బ, ఏం తెలుపమ్మా నీది!" అనేది పెద్ద పేను. "రోజూ నీళ్ళ స్నానం! ఇంత మడిగా ఉండే తల్లి దగ్గర తప్ప మేం ఎక్కడా ఉండలేం."

తెల్లపెట్టకి ఒళ్ళంతా దురద. అయినా ఆ మాటకి మెడ కాస్త నిక్కింది. పొగిడితే ఎవరికి నిక్కదు?

పద్నాలుగో రోజుకి దాని తల మీది ఎర్రటి తురాయి పాలిపోయింది. లేస్తోంది, కూర్చుంటోంది, ముక్కుతో పొడుచుకుంటోంది. తౌడమ్మ గోడ దగ్గరికి పరిగెత్తింది.

"వదినా, ఇది మళ్ళీ లేచిపోయేలా ఉంది!"

"పేలు పట్టాయి. మూడు మునకలు వేయించు, పోతాయి," అంది కన్నమ్మ గోడ మీంచి. ఆవిడ కోళ్ళు పెంచదు. సలహాకి కోళ్ళతో పనిలేదు.

తౌడమ్మ తెల్లపెట్టని పట్టుకుని గోలెంలో మూడుసార్లు ముంచింది. పేలు ఈకల మొదళ్ళు పట్టుకుని ఊపిరి బిగబట్టాయి. మునిగింది కోడి ఒక్కటే. ఒళ్ళంతా కారుతూ వచ్చి కూర్చునేసరికి, వెచ్చగా ఉండాల్సిన గుడ్లు చన్నీళ్ళలో తడిశాయి. లోపలి కదలిక మందగించింది.

"కదలండి నాన్నా, కదలండి," అంది తెల్లపెట్ట గుడ్లతో. "కూర్చుంటే ఇవి నన్ను తినేస్తాయి. లేస్తే మీరు చల్లబడిపోతారు. నేనేం చెయ్యను?"

అప్పుడు గుడ్ల పక్కనుంచి ఎవరో దగ్గారు. బొగ్గు ముక్క.

"నేను మాట్లాడకూడదు. నన్ను ఉరుముల కోసం పెట్టారు," అంది బొగ్గు. "పద్నాలుగు రోజులైంది, ఒక్క ఉరుము లేదు. పనిలేక చుట్టూ చూస్తున్నాను. పెట్టమ్మా, పేలు గంపంతా తిరుగుతున్నాయి కదా. నా చుట్టూ బెత్తెడు మేర ఒక్కటైనా కనబడుతోందా?"

తెల్లపెట్ట మెడ వంచి చూసింది. నిజమే. బొగ్గు చుట్టూ సన్నటి బూడిద రాలి ఉంది. ఆ బూడిద అంచుదాకా పేలు వచ్చి, వెనక్కి తిరిగిపోతున్నాయి. తిరగడం ఆలస్యమైన రెండు ఎండిపోయి పడి ఉన్నాయి.

"నా ఒంటి నుంచి రాలిన ఈ చిటికెడుకే ఇలా ఉంటే, పొయ్యి వెనక మా అక్క బూడిద కుప్ప పోసుకుని ఉంది. వెళ్ళి అందులో స్నానం చెయ్యి. నిప్పు చల్లారిన బూడిద చూసుకో. మా ఇంట్లో అందరూ నాలా చల్లగా ఉండరు."

"బూడిదలోనా?" పెద్ద పేను అల్లికలోంచి తల బయటపెట్టింది. "రామ రామ! బూడిదలో పొర్లేది గాడిద! ఊరంతా ఏమనుకుంటుంది? తల్లీ, నీ పరువేం కాను?"

తెల్లపెట్ట ఆగిపోయింది. గాడిద మాట సూటిగా తగిలింది.

"పెట్టమ్మా," అంది బొగ్గు నెమ్మదిగా, "నిన్ను తింటున్నవాళ్ళకి నీ పరువు మీద ఇంత బెంగ ఎందుకో కాస్త ఆలోచించు."

తెల్లపెట్ట ఆలోచించింది. ఎక్కువసేపు కాదు, దురద అంత వ్యవధి ఇవ్వలేదు. గంప దిగింది.

పెరట్లో పొయ్యి వెనక మిట్టమధ్యాహ్నం ఎండలో బూడిద కుప్ప ఉంది. అందులో ఒక పక్క గాడిద పొర్లుతోంది. తెల్లపెట్టని చూసి ఠక్కున లేచి, చెవులు దులిపి, పక్కకి జరిగింది.

"రామ్మా, చోటుంది," అంది. అంతే. ఇన్నాళ్ళూ మొహం తిప్పుకున్న సంగతి ఎత్తనే లేదు. ఊళ్ళో అంత మర్యాద ఉన్నది అదొక్కటే, దాని పేరే అందరూ తిట్టుకి వాడుకుంటారు.

తెల్లపెట్ట కళ్ళు గట్టిగా మూసుకుని బూడిదలోకి దిగింది. కాళ్ళతో గోతి తవ్వింది, రెక్కలతో ఎత్తి పోసుకుంది, పక్కకి ఒరిగి పొర్లింది.

"నా దగ్గరికి అందరూ అంట్లు తోముకోవడానికే వస్తారు," అంది బూడిద సంబరంగా. "స్నానానికి వచ్చిన మొదటి పక్షివి నువ్వే. రెక్క ఎత్తు, ఆ చంక కింద కూడా చూద్దాం."

కాలవ నుంచి వస్తున్న బాతులు చూసి పగలబడి నవ్వాయి. "గాడిదకి ఈకలు మొలిచాయర్రోయ్!" కోడిపుంజు దడి మీద నుంచి చూసి, ఆ పెట్ట ఎవరో తనకి తెలియనట్టు వేరే ఊరి వైపు తిరిగి కూసింది.

సరిగ్గా అప్పుడే తౌడమ్మ వచ్చింది. తెల్లపెట్ట గంపలో లేదు. బూడిద రంగు పెట్ట ఒకటి పొయ్యి వెనక పొర్లుతోంది.

"ఓసి దిక్కుమాలినదానా! గంప దిగిపోయావా? నేను తీసుకుపోకుండానే పొయ్యి దగ్గరికి వచ్చావా?"

కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తింది. తెల్లపెట్ట ఒక్క విదిలింపు విదిలించింది. బూడిద మేఘంలా లేచి తౌడమ్మ మొహం నిండా పడింది. ఆవిడ తుమ్మి, కళ్ళు నులుముకుని, చేతులకేసి చూసుకుంది. బూడిదతో పాటు పేలు రాలాయి. ఒకటీ రెండూ కాదు. ఏదీ కదలడం లేదు.

తౌడమ్మ చేతుల పట్టు వదులైంది. తెల్లపెట్ట కింద పడి లేచి, వెనక్కి కూడా చూడకుండా గంప దగ్గరికి పరిగెత్తి, గుడ్ల మీద కూర్చుంది. ఎండకి కాగిన బూడిద ఇంకా ఈకల్లో ఉంది. రొమ్ము పొడిగా, వెచ్చగా ఉంది. కాసేపటికి కింద ఏదో చిన్నగా కదిలింది. ఆ పక్కన ఇంకొకటి.

"అమ్మ దొంగా," అంది తౌడమ్మ చాలా మెల్లిగా. ఆవిడ అంత మెల్లిగా మాట్లాడగా ఊళ్ళో వినడం అదే మొదలు.

ఆ పూటే ఆవిడ తడి గడ్డి తీసి తగలబెట్టింది. కోడినీ గుడ్లనీ వేరే పొడి గంపలోకి మార్చింది. అడుగున చల్లారిన బూడిద, మీద వావిలాకు, ఆ మీద కొత్త గడ్డి పరిచింది. పాత గంపని ఎండలో బోర్లించింది. గోడ పగుళ్ళకి సున్నం పూసింది. బొగ్గుని మాత్రం మరిచిపోకుండా కొత్త గంపలో పెట్టింది, ఉరుముల కోసం.

"బూడిద చల్లమని నేను మొదటే అన్నాను వదినా," అంది గోడ మీంచి కన్నమ్మ.

తెల్లపెట్ట రోజూ ఒక్కసారి దిగేది. గింజలు, గుక్కెడు నీళ్ళు, బూడిద స్నానం, మళ్ళీ గంప. దారిలో బాతులు "గాడిదా!" అని పిలిచేవి. అది ఈకలు నిక్కబొడుచుకుని, "కొక్కొక్కొక్" అని గట్టిగా జవాబు చెప్పి పోయేది. ఆ మాటకి అర్థం, "ఏమన్నా అనుకోండి, నాకు పనుంది."

ఇరవయ్యొకటో రోజు పదకొండు పిల్లలు బయటికి వచ్చాయి. రెండు గుడ్లు పగల్లేదు. కారణం కన్నమ్మ దగ్గర ఉంది, కానీ ఎవరూ అడగలేదు. తౌడమ్మ రెండు గుప్పెళ్ళ నూకలు తెచ్చి పోసింది. ఒప్పుకున్నది ఒక గుప్పెడే.

పిల్లలు గంప దిగి నేరుగా అమ్మ వెనకాల బూడిద కుప్పకి పోయాయి. గోరంత రెక్కలతో బూడిద ఎత్తి పోసుకున్నాయి. గాడిద వాటిని చూసి ఇంకాస్త జరిగింది. కోడిపుంజు నాలుగు రోజులు బింకంగా ఉండి, అయిదో రోజు ఎవరూ చూడటం లేదనుకుని వచ్చి పొర్లింది. అందరూ చూశారు.

అప్పటినుంచే కోళ్ళు కాలవ వైపు తాగడానికి తప్ప పోవు. బూడిద దొరికితే బూడిదలో, లేకపోతే పొడి మట్టిలో గోతి తవ్వుకుని, ఎండలో ఒరిగి, కళ్ళు మూసుకుని స్నానం చేస్తాయి. గుడ్లు పొదిగే పెట్ట రోజుకోసారి గంప దిగి, ఈకలు నిక్కబొడుచుకుని, దారిలో ఎదురైన ప్రతివాళ్ళ మీదా "కొక్కొక్కొక్" అని అరుచుకుంటూ ఆ స్నానానికి పోయి, వెచ్చటి రొమ్ముతో తిరిగొస్తుంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు. అయినా జవాబు మాత్రం ముందే చెప్పి పోతుంది.