మోకాలి రబ్బరు కింద రంగు

కాకినాడ జగన్నాథపురంలో పాత మోటారుసైకిళ్ళకు రంగులు వేసే కొమ్మోజు నాగలింగాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఎంత తొందర పనైనా సరే, పెట్రోలు ట్యాంకు మీద పాత రంగు ఊడదీసే ముందు దానికి ‘కిటికీ’ తీసేవారు. బొటనవేలంత మేర తడిపి, వాటర్ పేపరుతో నెమ్మదిగా గుండ్రంగా రుద్దుతూ పోతే, పై రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరో రంగు, అడ్డంగా కోసిన ఉల్లిపాయలాగా వలయాలు బయటపడేవి. అది చూసి ఆ బండి ఎన్ని చేతులు మారిందో, ఏ యజమాని పిసినారో, ఏ పెయింటరు పనిదొంగో చెప్పేసేవారు. రంగు పూయడం ఎవరికైనా వస్తుంది, ఊడదీయడమే విద్య అనేవారాయన.

ఆయన దగ్గర భూషణం శిష్యరికం చేస్తున్నాడు. శిష్యుడంటే నూనూగు మీసాలవాడనుకునేరు, నలభై రెండేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళు ఊళ్ళో దుకాణాలకు బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ విద్యను మింగేశాక, కుంచె వదల్లేక ఆచారి గారి గడప తొక్కాడు. చెయ్యి మంచిది, గీత గీస్తే దారం పరిచినట్టుండేది. ఇబ్బందల్లా ఒకటే. ఇరవై ఏళ్ళు నిచ్చెన మీద నిలబడి పని చేసినవాడికి కింద నుంచి ఎవరేం చెప్పినా ఓ పట్టాన చెవికెక్కదు.

ఒకరోజు సుధాకర్ అనే ఆయనా, ఆయన చెల్లెలు వనజాక్షీ ఒక ట్యాంకు తెచ్చారు. ఇద్దరికీ యాభై దాటాయి. వాళ్ళ నాన్న కాలవ లాకుల మీద సూపర్‌వైజరుగా చేస్తూ, వీళ్ళ చిన్నతనంలోనే పోయాడు. ఆయన పోగానే అమ్మేసిన బండి నలభై అయిదేళ్ళ తరవాత పెద్దాపురంలో ఎవరి పాకలోనో దొరికింది. నాన్న నడిపిన నాటి రంగే మళ్ళీ వేయించాలని ఇద్దరి కోరిక. అంతవరకూ బాగానే ఉంది, ఆ రంగేమిటన్న దగ్గర వచ్చింది పేచీ.

“నలుపండీ. నిగనిగలాడే నలుపు,” అన్నాడు అన్న.

“కాదన్నయ్యా, ఎరుపు. దానిమ్మ గింజ ఎరుపు,” అంది చెల్లెలు.

“నీకేం తెలుసే? రోజూ దాని మీద కూర్చుని తిరిగినవాణ్ణి నేను. ఇంటికి రాగానే నాన్న దుప్పటి కప్పేసేవారు, నువ్వెప్పుడు చూశావు? కలగన్నావేమో.”

ఆ మాట పడటం ఆవిడకు కొత్త కాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో రంగుల్లేని పాతకాలంది, అందులో అన్నీ నలుపే. ట్యాంకు చూద్దామా అంటే, ఇప్పుడది వెండిరంగు.

వాళ్ళు వెళ్ళాక భూషణం అడిగాడు: “ఒకే తండ్రి బిడ్డలు, ఒకే బండి. ఆయన నలుపంటాడు, ఆవిడ ఎరుపంటుంది. ఇలాంటప్పుడు ఎవరి మాట నమ్మాలండీ గురువు గారూ?”

“మనుషుల్ని వదిలెయ్. రేకుని అడుగు,” అన్నారు ఆచారి గారు. అని, చుట్టాల గృహప్రవేశానికి పిఠాపురం వెళ్ళిపోయారు.

భూషణం ట్యాంకుని గోనెపట్టా మీద బోర్లించకుండా నిలబెట్టి, మూత పక్కన చదునుగా కనబడ్డ చోట కిటికీ తీశాడు. వెండి పోయి నీలం వచ్చింది. నీలం పోయి నలుపు వచ్చింది. నలుపు కింద ఇటుక రంగులో రెడాక్సైడ్, అంటే రంగు పట్టుకోవడానికి అడుగున వేసే పూత, దాని కింద రేకు. అతనికి భలే సంబరమేసింది. చిన్నప్పుడు పొడుపు కథ విప్పినప్పుడు కూడా అంత సంబరపడి ఉండడు. వెంటనే సుధాకర్‌కి ఫోన్ చేసి “మీరే గెలిచారండీ” అని చెప్పాడు. ఆ ఊపులోనే ట్యాంకంతా రిమూవర్ పూసి, పొంగిన రంగుని పెచ్చులు పెచ్చులుగా గీకి పారేశాడు. పక్కలు గీకేటప్పుడు ఎర్రని జిగురు చాలానే వచ్చింది. రెడాక్సైడే కదా అనుకున్నాడు. ఇటూ అటూ మోకాళ్ళు ఆనే చోట ఉండే రబ్బరు బిళ్ళల మరలు మాత్రం తుప్పుపట్టి కదల్లేదు. వాటికి నూనె పోసి వదిలేశాడు.

మూడోనాడు అన్నాచెల్లెళ్ళు వచ్చేసరికి ఆచారి గారూ వచ్చి ఉన్నారు. సుధాకర్ మీసాల్లో నవ్వుకుంటున్నాడు. ఓడినవాళ్ళని ఓదార్చడం తన బాధ్యతనుకున్నాడో ఏమో, భూషణం వనజాక్షితో మెత్తగా చెప్పాడు.

“మీరన్నది పూర్తిగా తప్పు కాదమ్మా. అడుగున పూసే రెడాక్సైడ్ ఎర్రగానే ఉంటుంది. ఎక్కడో పెచ్చు లేచిన చోట మీరది చూసుంటారు.”

“అయ్యుంటుంది లెండి,” అని ఆవిడ సంచీ అందుకుంది. రెండడుగులు వేసి ఆగింది. “ఆ రెడాక్సైడ్ మెరుస్తుందా బాబూ?”

“మెరవదమ్మా. ఇటుకపొడి పూసినట్టుంటుంది.”

“నాకు అందులో నా మొహం కనబడేదయ్యా, రెండు జడలతో సహా. ఆరేళ్ళ పిల్లని, నాన్న మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. నాకున్నది అదొక్కటే. అదీ కల అంటే ఇంక చేసేదేముంది?”

భూషణానికి పక్కల నుంచి వచ్చిన ఎర్రని జిగురు కళ్ళ ముందు కదిలింది. ఒక మనిషికి తండ్రి వల్ల మిగిలిన ఒకే ఒక్క జ్ఞాపకాన్ని తన చేత్తోనే గీకి చెత్తబుట్టలో పారేశాడా? బల్ల మీద ట్యాంకు చూస్తే వట్టి రేకు. ఇంకెవరిని అడుగుతాడు? భయమూ సిగ్గూ ఒకేసారి పట్టుకున్నాయతన్ని.

ఆచారి గారు ఆవిడ వైపు తిరిగారు. “బండి చూసేటప్పుడు నువ్వెక్కడుండేదానివమ్మా?”

“లాకు తలుపుల దగ్గరండీ. నాన్న అన్నయ్యని ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని గట్టు మీద వచ్చేవారు. నేను పరుగున వెళ్ళి పక్కన నిలబడేదాన్ని. పడిపోతానని నన్నెప్పుడూ ఎక్కించుకోలేదు.” తనెంత ఎత్తుండేదో గాలిలో అరచెయ్యి పెట్టి చూపించింది. పక్కనే బండి ఉండి ఉంటే, అంత ఎత్తు పిల్ల కళ్ళకు ఎదురుగా ఉండేది ట్యాంకు పక్క భాగమే.

ఆచారి గారు స్క్రూడ్రైవర్ తీసి శిష్యుడి చేతిలో పెట్టారు. “ఆ రబ్బరు విప్పు.”

నూనెకు నానిన మరలు ఈసారి కిర్రుమంటూ తిరిగాయి. గట్టిపడిపోయిన రబ్బరు బిళ్ళ ఊడి వచ్చింది. భూషణం గుడ్డ కిరసనాయిల్లో ముంచి, దాని కింద మట్టిని తుడిచాడు. అరచేయంత ఎరుపు. దానిమ్మ గింజ ఎరుపు. ఇన్నేళ్ళలో ఆ బండికి రంగు వేసిన ఏ పెయింటరూ రబ్బరు విప్పే శ్రమ పడలేదు. పనిదొంగలు చేసిన పుణ్యం కూడా లోకంలో కొంత ఉంటుంది మరి. పైన నలుపు, పక్కలు ఎరుపు, రెండూ ఒకే నాటివి.

వనజాక్షి వంగి అందులోకి చూసింది. చాలాసేపు చూసింది. సుధాకర్ కూడా పక్కకు వచ్చి వంగాడు.

“ఈ పక్క నేనెప్పుడూ చూడనే లేదే,” అన్నాడు మెల్లిగా. “కిందకి చూస్తే నాన్న మోకాళ్ళే ఉండేవి.” చెల్లెలి వైపు తిరిగి, “తయారయ్యాక ముందు నువ్వెక్కాలి,” అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, రబ్బరు కింద ముక్కను మాత్రం గీకొద్దని భూషణాన్ని బతిమాలింది. అతను దణ్ణం పెట్టినంత పనిచేసి సరేనన్నాడు. దాని పక్కన పెట్టి చూసుకుంటూనే కొత్త ఎరుపు కలుపుతానని మాటిచ్చాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక చాలాసేపు భూషణం ఆ ట్యాంకు ముందే కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు: “మీరు చెప్పినట్టే రేకుని అడిగాను గురువు గారూ. అది నాకు అబద్ధం చెప్పలేదు. మరి నేనెక్కడ తప్పానంటారు?”

ఆచారి గారు మూత పక్కన అతను కిటికీ తీసిన చోటు వేలితో తడిమారు.

“అడిగావు నాయనా. ఎక్కి కూర్చుని అడిగావు.”