నూకాలు పెట్టిన తాంబూలం

రాజుగారు రాజధానిని ఏటి అవతలికి మార్చేశారు. ఉద్యోగులంతా ఆయన వెంట పోయారు. ఇవతలి పాతపేటలో ఇళ్లన్నీ ఖాళీ అయి, ధరలు సగానికి పడిపోయాయి.

పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె పాకల్లోనే కాపురం చేసిన మేదరి నూకాలు, కొంటే ఇప్పుడే కొనాలనుకుంది. పాతపేటలో ఒక వీధి వీధంతా దివాను జగ్గరాయుడిదే. ఆయన్ని పిలుచుకొచ్చి, చివరనున్న పెంకుటిల్లు బేరమాడింది.

"పాత ధరకి కాసు తగ్గను," అన్నాడు దివాను మీసం దువ్వుతూ. "దసరాకి రాజుగారు తిరిగొచ్చేస్తారు. అప్పుడు దీని ధర రెట్టింపు!"

ఆ పేటలో తాంబూలం పట్టుకుని మాటిస్తే దివానైనా దాటడానికి లేదు. నూకాలు కొంగు ముడి విప్పి, తమలపాకులూ వక్కలూ నలుగురి ముందూ ఆయన చేతిలో పెట్టింది.

"పాత ధరే ఇస్తాను బాబూ. దసరాకి రెట్టింపు కూడా నాకొద్దు. ఒకటిన్నర రెట్లకి నా దగ్గర తిరిగి కొంటానని మాటివ్వండి, మిగతా లాభం మీదే. అలా మాటివ్వలేకపోతే ఇవాళ్టి ధరకే ఇచ్చేయండి."

నలుగురూ దివాను నోటికేసే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకుని, సగం ధరకే ఇచ్చానంటూ తాంబూలం ఆమె చేతిలో పెట్టేశాడు.

"రేపు ధర ఇంకా పడిపోతే అప్పుడు ఏడుస్తావు!" అన్నాడు ఉక్రోషంగా.

"పడితే పడనీండి బాబూ. అమ్ముకునేవాళ్లకి కదా ఆ బెంగ! నేను ఉండడానికి కొన్నాను," అంది నూకాలు, అప్పుడే గడప కడుగుతూ.