పది వీశెల వడ్డాణం

శుక్రవారం వచ్చిందంటే మణిగిరి రాజు ముమ్మిడి భూపతికి ఓ వింత ప్రశ్న పుట్టాల్సిందే. దానికి సభలో ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిందే.

ఆ సభకో కట్టుబాటుంది. జవాబు చెప్పినవాడే చేసి చూపాలి. మనిషి ఒక్క పూటలో నూట ఎనిమిది మిరపకాయలు తినగలడని కిందటేడు ఓ పండితుడు సెలవిచ్చాడు. పదకొండో కాయకే ఆయన్ని మంచమెక్కించారు. అప్పటినుంచీ సభలో గొంతులు కాస్త తగ్గాయి.

ఆ శుక్రవారం రాజుగారి ప్రశ్న ఇదీ:

"బిందెడు నీళ్ళ బరువెంత?"

ప్రశ్న రాజుగారిదే గానీ, దాన్ని ఆయన బుర్రలో వేసింది ఓబుళమ్మ. రోజూ ఆయన స్నానానికి నీళ్ళు కాచి తోడేది ఆవిడే. పొద్దున వేణ్ణీళ్ళు పోస్తూ, "ఈ బిందె ఎంత బరువుంటుందో ఏలినవారికి తెలుసా?" అంది. అంతే, రాజుగారికి ఇక వేరే ఏమీ తోచలేదు.

ఓబుళమ్మ ఊరికే అడగలేదు. ఆవిడ చెల్లెలు గంగులు, నగరాధికారి గుండమరాజు కట్టించిన పన్నెండిళ్ళ వరసలో అద్దెకుంటోంది. వానలకి అక్కడి బావి ఒర కూలి, గిలక కాస్తా బావిలో పడింది. మూడు నెలలైంది. ఆడవాళ్ళంతా కోసెడు దూరం ఏటికి పోయి, గట్టెక్కి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. గంగులుకి ఏడో నెల. ఇంకా బరువులు మోస్తే బిడ్డ దక్కదని మంత్రసాని చెప్పేసింది.

బావి బాగుచేయించమని ఓబుళమ్మ మూడుసార్లు గుండమరాజు గడప తొక్కింది.

"నేను అద్దెకిచ్చింది ఇల్లు. గిలక ఇచ్చానా?" అన్నాడాయన.

"పోనీ, మేమే చేయించుకుంటాం దొరా."

"నా బావి మీద చెయ్యేస్తే ఇళ్ళు ఖాళీ చేయిస్తాను!"

సభలో నలభైమంది పండితులున్నారు. బిందె ఎత్తినవాడు ఒక్కడూ లేడు. అందరూ పైకప్పు కేసి చూస్తూంటే గుండమరాజు మీసం దువ్వుకుంటూ లేచాడు. తెలియనిదంటూ ఉందని ఒప్పుకోవడం ఆయన వంశంలో లేదు.

"పది వీశెలు మహారాజా. తూకం వేయించి చూడండి."

రాజుగారి వెనక చెంబు పట్టుకుని నిలబడ్డ ఓబుళమ్మ మెల్లిగా అడిగింది.

"బావి దగ్గరైతే పది వీశెలు, సరే. ఏటినుంచి మోసుకొచ్చి గడపలో దించేటప్పుడెంత దొరా?"

"అప్పుడూ పదే! దారిలో నీళ్ళు పిల్లల్ని పెడతాయా?"

సభ నవ్వింది. ఆ నవ్వుకి గుండమరాజుకి హుషారెక్కింది.

"అసలు ఆడదాని నడుం మీద బిందె వడ్డాణం లాంటిది మహారాజా! బరువే తెలీదు."

రాజుగారి కళ్ళు మెరిశాయి.

"భేష్! అయితే పెట్టుకుని చూపించు."

గుండమరాజు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

సభ మొత్తం ఏటికి కదిలింది. ఓబుళమ్మే బిందె ముంచి, అంచుదాకా నింపి, ఆయన చంకలో పెట్టింది.

"తొణక్కుండా నడవండి దొరా. ఒలికితే మళ్ళీ రావాలి. మా వాళ్ళంతా అలాగే వస్తున్నారు."

ఆయన ఎడమ చంకన పెట్టుకుంటే బొజ్జ అడ్డమొచ్చింది. కుడికి మారిస్తే ఉత్తరీయం కాళ్ళకి చుట్టుకుంది. నెత్తికెత్తుకుంటే తలపాగా జారి కళ్ళు మూసింది. గట్టెక్కేసరికి జరీ అంగీ ఒంటికతుక్కుపోయింది. ఆయన వరస దగ్గరికి చేరేసరికి పన్నెండిళ్ళ ఆడవాళ్ళూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"వడ్డాణం భలే నప్పింది దొరగారికి!" అందొకావిడ.

"కాస్త నడుం ఊపమనవే!" అంది ఇంకొకావిడ.

గంగులు గడప ముందు బిందె ధబ్బున దించి, గుండమరాజు అక్కడే చతికిలబడ్డాడు.

"ఇది... పది వీశెలు కాదు మహారాజా! నలభై ఉంటుంది!"

"దారిలో పిల్లల్ని పెట్టినట్టున్నాయి," అన్నారు రాజుగారు.

ఓబుళమ్మ ఖాళీగా ఉన్న రెండో బిందె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇదెందుకే?" అన్నాడు గుండమరాజు, గుడ్లు తేలేసి.

"ఈ ఇంటికి రోజుకి ఎనిమిది బిందెలు దొరా. ఇంకా ఏడున్నాయి. ఆ తర్వాత పక్కిల్లు."

"నావల్ల కాదు! ఆ గిలక రేపే బిగిస్తాను!"

"ఏ గిలక దొరా? మీరు ఇవ్వలేదన్నారుగా?"

"నాదేనే తల్లీ! బావి నాది, ఒర నాది, గిలక నాది, చేంతాడు కూడా నాదే! అన్నీ నేనే బాగుచేయిస్తాను!"

వరసంతా ఘొల్లుమంది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని ఓబుళమ్మ కేసి తిరిగారు.

"ఇంతకీ బిందెడు నీళ్ళ బరువెంత? నువ్వు చెప్పు."

"అది మోసేవాళ్ళని అడగాలి మహారాజా. సభలో మీరు తూచేవాళ్ళని అడిగారు."

ఈసారి రాజుగారు నవ్వలేదు. గడపలో నిలబడ్డ గర్భిణి గంగులు కేసి చూశారు.

"ఏం కావాలో కోరుకో ఓబుళమ్మా."

"అద్దె ఇంట్లో బావి పాడైతే, అది బాగయ్యేదాకా ఇంటి యజమానే స్వయంగా నీళ్ళు మోయాలి. పనివాళ్ళతో మోయించకూడదు. ఇదీ నా కోరిక."

"ఈ క్షణం నుంచే అమలు! మరి నీకంటూ ఏమీ వద్దా? బంగారు వడ్డాణం చేయిస్తాను."

ఓబుళమ్మ నేలమీద కూలబడ్డ గుండమరాజుని ఎగాదిగా చూసింది.

"వద్దు మహారాజా. ఇప్పుడేగా చూశాం, మహా బరువు!"

రాజుగారు మళ్ళీ పొట్ట పట్టుకున్నారు. ఆ నవ్వుల మధ్యే తన చేతి కంకణాలు తీసి ఓబుళమ్మకి తొడిగారు. గంగులు తీరిగ్గా అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

గుండమరాజు తలపాగా చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, రెండో బిందెతో ఏటి దారి పట్టాడు.