పైడమ్మ గుక్క

ప్రశ్న అడిగిన శిష్యులకు పరాంకుశం గారు ఏనాడూ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. "వెళ్లి చూసి రా" అనేవారు, అంతే. భీమిలిలో ఆయన మనోవైద్యులు. వయసులో ఉండగా చైనా వెళ్లి, ఆరేళ్లు అక్కడి మూలికావైద్యం నేర్చుకొచ్చారు. స్కిజోఫ్రీనియా రోగులకు మాత్రలు ఆపకుండా, వాటికి తోడుగా చైనావారి కషాయం ఇచ్చేవారు.

శిష్యురాలు వకుళకు కణాల మీద పరిశోధన. మెదడు కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలంటే ఆమెకు ప్రాణం. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, కషాయంలో పదకొండు దినుసులున్నాయి. మన రోగి అప్పలకొండ చెవిలో గోల తగ్గిందంటే, కణానికి కబురు చేర్చింది వాటిలో ఏది?"

"వెళ్లి చూసి రా అమ్మా."

వకుళ ఎక్కడికీ వెళ్లలేదు. ప్రయోగశాలలోనే కూర్చుంది. అక్కడ ఆమెకో చిక్కొచ్చిపడింది. ఇంట్లో కాచే కషాయం రోజుకో చిక్కదనంలో ఉంటే లెక్క కుదిరి చావదు కదా! అందుకని అవే పదకొండు దినుసుల కషాయాన్ని ఎండబెట్టి, పొడిచేసి, క్యాప్సూళ్లలో నింపించింది. అప్పలకొండ తల్లి పైడమ్మ ఎండుచేపలు అమ్ముకునే మనిషి, రోజూ గంటసేపు పొయ్యి దగ్గర కూర్చునే బాధ కూడా ఆమెకు తప్పుతుందనుకుంది వకుళ. పరాంకుశం గారు సరేనన్నారు.

మూడోవారం పైడమ్మ లబోదిబోమంటూ వచ్చింది. "డాట్రమ్మా, మావోడు గొట్టం మందూ ముట్టడు, మాత్తరలూ ముట్టడు. గదిలో గడియెట్టుకున్నాడు. నిన్నట్నుంచి నీల్లు కూడా తాగనేదు."

వకుళ ఉన్నపళంగా ఆమె వెంట పరుగెత్తింది.

"మందులో యిసం కలిపేసినారు!" లోపల్నుంచి అప్పలకొండ అరుస్తున్నాడు. అతని చెవిలో గొంతులు మళ్లీ మొదలయ్యాయి. తలుపు బద్దలుకొట్టిద్దామా అని వకుళ ఆలోచిస్తుంటే, పైడమ్మ పొయ్యి వెలిగించింది. ఇంట్లో మిగిలిన దినుసులు వేసి కషాయం కాచింది. గ్లాసుతో కిటికీ ముందు నిలబడి, కొడుకు చూస్తుండగా ఒక గుక్క తాగింది.

"నాలుగేల్లుగా ఇంతేనమ్మా. ముందల నాను తాగాల. అప్పుడు ఆడు తాగి, ఆ ఎనకే మాత్తరేసుకుంటాడు. గొట్టంలో గుక్క యేటుంటాది?"

"మరి నాతో ఒక్కమాటైనా చెప్పలేదేం పైడమ్మా?"

"నువ్వడగనేదు గదమ్మా."



ఆరోజు తల్లి గుక్క చాల్లేదు. కిటికీలోంచి వేలొకటి వకుళ వైపు తిరిగింది. "ఆ గొట్టాలు తెచ్చింది ఆవిడే. ఆవిణ్ణి తాగమను."

రెండేళ్లుగా ఆ కషాయాన్ని సూక్ష్మదర్శిని కింద చూసిందే తప్ప వకుళ నాలిక మీద వేసుకున్నది లేదు. గ్లాసందుకుని పెద్ద గుక్క వేసింది. చేదు నషాళానికంటింది. బాబోయ్! కళ్లవెంట నీళ్లు బొటబొటా కారాయి.

కాసేపటికి గడియ తీసిన చప్పుడు. గడ్డం పెరిగి, కళ్లు లోతుకుపోయిన అప్పలకొండ గుమ్మంలోకొచ్చి ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు.

"అమ్మా, డాట్రమ్మకి బెల్లంముక్కెట్టు" అన్నాడు.

మిగిలిన కషాయం తాగాడు. మాత్ర వేసుకున్నాడు. వకుళ పైడమ్మ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ చేతుల నిండా ఎండుచేపల వాసన, పొయ్యి మసి. ఆమెకు అవి కళ్లకద్దుకోవాలనిపించింది, అద్దుకుంది.

సాయంత్రం వైద్యశాలకొచ్చి జరిగిందంతా చెప్పింది. "పొరపాటు నాదే గురువుగారూ. మీరు వెళ్లి చూడమన్నారు, నేను వెళ్లలేదు."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడిచారు.

"నాదీ ఉందమ్మా. నేను మరిచిపోకూడనిది మరిచాను. నా మందులో మొదటి గుక్క మా అమ్మ తొమ్మిదేళ్లు తాగింది."