తలుపు మీద నీలం

గాజువాక ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే పైడితల్లికి పనీ వచ్చు, పొగరూ ఉంది. రంగు విషయంలో పొరబడ్డానని ఒప్పుకోవడం మాత్రం రాదు. ఆ వీధి మొత్తానికీ స్ప్రే గన్ పట్టిన ఆడమనిషి ఆమె ఒక్కతే. ఒక్క మాట తగ్గినా అందరూ నెత్తికెక్కుతారని, ఎవరేమన్నా రెండు మాటలు ఎక్కువే అనేది.

ఒక శుక్రవారం సుభద్రమ్మ తన నీలం కారు తెచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఆ కారులోనే ఆమె ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పింది. ఆదివారం పాత శిష్యురాళ్లంతా కలిసి సన్మానం చేసి, ఆమెను అదే కారులో ఊరేగించబోతున్నారు. సరిగ్గా ఇప్పుడే ఎవడో బండివాడు తలుపు మీద పొడుగ్గా గీసి పోయాడు.

"కారంతా కొత్త రంగు కొట్టించేయండి మేడమ్" అన్నాడు పక్క షెడ్డు పెయింటరు సింహాచలం.

"వద్దయ్యా. ఇది కంపెనీలో వేసిన రంగు. ఎండకీ వానకీ నాతోపాటే తిరిగింది. ఆ గీత ఒక్కటీ పోతే చాలు" అంది సుభద్రమ్మ.

"నాకు వదిలేయండమ్మా" అంది పైడితల్లి.

కారు మీదున్న షేడ్ నంబరు చూసి, సరిగ్గా ఆ నంబరు రంగే తెచ్చింది. షెడ్డులో ట్యూబులైటు వెలుతురులో కొట్టింది. చూసుకుని మురిసిపోయింది.

శనివారం పొద్దున్న కారును ఎండలోకి తీసింది. వెలిసిపోయిన చీరకు వేసిన కొత్త అతుకులా తలుపు మధ్యన నీలం మెరిసింది!

సింహాచలం పకపకా నవ్వాడు. "ఏటే పైడితల్లీ, కారుకి బొట్టెట్టీసినావేటి?"

"కంపెనీ నంబరు బాబాయ్ ఇది! తప్పంటే పోయి కంపెనీనడుగు!"

"కంపెనీ ఆ రంగేసినప్పుడు నువ్వు గౌనులో ఉండుంటావే!"

అంతలో సుభద్రమ్మ వచ్చింది. తలుపు మీది కొత్త నీలాన్ని వేలితో తడిమి చూసింది. తర్వాత మెల్లగా, "బాగానే ఉందిలేమ్మా, పాత కారే కదా. ఫొటోలు అటువైపు నుంచి తీయమంటాను" అంది.

సింహాచలం నవ్వుకు పైడితల్లి దగ్గర నూరు జవాబులున్నాయి. ఈ మాటకు మాత్రం ఆమె వంగి, పాత నీలాన్నీ కొత్త నీలాన్నీ పక్కపక్కన చూసింది. ఇరవై ఆరేళ్లు ఎండలో నిలబడి నలుగురికి దారి చూపిన కారు, రేపు తన తలుపు దాచుకోవాలా? తప్పు నంబరుది కాదు. కారు వయసు చూడకుండా నంబరు చూసిన తనది.

"కారు ఉంచి వెళ్లండమ్మా. తప్పు నాది" అంది.

సింహాచలం నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఆమె నోట ఆ వీధిలో ఎవరూ ఎన్నడూ వినలేదు.

గరుకు వాటర్ పేపర్ తడిపి రుద్దుతూ, తను వేసిన రంగునంతా తనే గీకేసింది. చుట్టూ ఉన్న పాత రంగుకు పాలిష్ పట్టి, మురికి వదిలించి, దాని అసలు వన్నె బయటికి తెచ్చింది. నీలంలో కాస్త తెలుపు, ఒక చుక్క పసుపు కలిపింది. డబ్బా మూత మీద పూసి, ఆరనిచ్చి, ఎండలో తలుపు పక్కన పెట్టి చూసింది. కుదరలేదు. మళ్లీ కలిపింది. ఆరోసారికి మూత మీది రంగేదో, తలుపు మీది రంగేదో తెలియలేదు. అప్పుడు గన్ పట్టి, అంచుల దగ్గర పొగలా పలచగా కొట్టింది. పొద్దు వాలేలోగా పని ముగించింది.

ఆదివారం పైడితల్లి షెడ్డు ముందే కారు చుట్టూ ముప్ఫైమంది శిష్యురాళ్లు మూగారు. ఒకామె రెండు వైపులా వంగి వంగి చూసింది.

"ఏ తలుపమ్మా గీసుకుపోయింది?"

"నాకూ తెలియడం లేదే!" అని సుభద్రమ్మ నవ్వింది. తలుపు మీద చెయ్యి వేసి నిమురుతుంటే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"మొదటిసారికే ఎంత బాగా కుదిరింది!" అందొకామె.

పైడితల్లి తలెత్తుకుని, వీధంతా వినేలా చెప్పింది. "మొదటిసారికి కుదరలేదమ్మా, చెడగొట్టాను. చెడిందని ఒప్పుకున్నాకే కుదిరింది."

తన తప్పును తన చేత్తోనే గీకేసి మళ్లీ చేయగలిగినవారికే, తమ పనిని చూసుకుని గర్వపడే హక్కు ఉంటుంది.