ముందొకటి, వెనకొకటి, మధ్యలో అయ్య

పైడినాయుడి ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట ఊరనలేదు, పైడినాయుడే అన్నాడు. "డాట్రుబాబు చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు జిల్లాలో మనదొక్కటే," అని తమ్ముడు గౌరినాయుడితో రోజూ చెప్పుకుని మురిసిపోయేవాడు.

వాళ్ళయ్య అప్పలస్వామికి గుండె లయ తప్పింది. నాలుగడుగులేస్తే ఆయాసం. "రేపు చిన్న కరెంటు షాకిస్తే దారిలో పడుతుంది. వెంట్రుకలుంటే ప్యాడ్లు అంటుకోవు, తీయించి తీసుకురండి," అన్నాడు డాక్టరు. అయ్య లేకపోతే తనకెవరున్నారని పైడినాయుడికి ఏడుపొచ్చేసింది. ఇంకేముంది! ఆస్పత్రి కింద పల్లంలో ఉన్న సూరిబాబు సెలూన్లో కూర్చోబెట్టి గుండు, మీసం, కనుబొమలు అన్నీ గీయించేశాడు.

మర్నాడు చొక్కా విప్పితే ఛాతీ నిండా అడవి.

"ఇక్కడ కదయ్యా తీయించమన్నది!" అన్నాడు డాక్టరు.

"చొక్కా లోపలివని తమరు చెప్పలేదు గదా బాబూ!"

డాక్టరు ఆ పని నర్సుకి అప్పజెప్పి వెళ్ళాడు. నర్సు విసుక్కుంటూ ఛాతీ, వీపు గీసింది. "ఒక ప్యాడు ముందు, ఒకటి వెనక. మధ్యలో గుండె ఉండాలి," అని చెప్పి డాక్టరు కోసం వెళ్ళింది. ఆవిడకి సాయం చేద్దామనుకున్నాడు పైడినాయుడు. అంతే. అయ్యకి ముందు తను నిలబడి తన ఛాతీకొకటి అంటించుకున్నాడు. వెనక తమ్ముణ్ణి నిలబెట్టి వాడి వీపుకొకటి అంటించాడు.

"గుండె మధ్యలోనే ఉందా అయ్యా?"

"ఇక్కడే ఉందిరా, ఎక్కడికెళ్తాది!"

డాక్టరు వచ్చి తల బాదుకుని ప్యాడ్లు చర్రున పీకాడు. పైడినాయుడి ఛాతీ వెంట్రుకలు కూడా వాటితోనే వెళ్ళిపోయాయి. కొత్తవి తెప్పించి, అప్పలస్వామికే ముందొకటి, వెనకొకటి అంటించి, మత్తిచ్చి, "ఎవరూ ముట్టుకోవద్దు!" అని కేకేశాడు. ఒక్క షాకు. గుండె దారిలో పడింది. పైడినాయుడు సంతోషం పట్టలేక అయ్యని కావలించుకోబోయి ఠక్కున ఆగిపోయాడు. ముట్టుకోవద్దన్నాడు కదా!

సాయంత్రం ఇంటికి వెళ్ళమన్నారు. ముట్టుకోకుండా తీసుకెళ్ళడమెలా? అన్నదమ్ములు చక్రాల మంచంతో సహా తోసుకుంటూ రోడ్డెక్కారు. అప్పలస్వామికి గుండు ఒకటే దురద.

"ఒరే పైడీ, నన్ను నేను ముట్టుకోవచ్చంటావా?"

"ఎవరూ ముట్టుకోవద్దన్నాడయ్యా."

పాపం, రెండు చేతులూ గాల్లోకెత్తి పడుకున్నాడు.

వెనకాల డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. "మంచం వదిలెయ్యండయ్యా!"

వదిలేశారు. అసలే పల్లం. మంచం గడగడమంటూ పోయి సెలూను ముందున్న ఇసక కుప్పలో దిగబడింది. సూరిబాబు కత్తితో బయటికొచ్చి, అప్పలస్వామిని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఇంకేం మిగిలిందని తెచ్చార్రా?"

"గియ్యడానికి కాదురా," అన్నాడు అప్పలస్వామి చేతులు దించకుండానే. "డాట్రుబాబు ఆ మాటన్నప్పుడు నువ్వక్కడ లేవు గదా, కాస్త నా గుండు గోకు!"